నాలుగొందల పన్నెండు పేజీలు, ఒక్క లైను

మా తాతయ్య నోటు పుస్తకాలు ఆరు. రేపల్లె దగ్గర మా ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టే ముందు అటక మీద దొరికాయి. ధాన్యం లెక్కలు, కూలీల పద్దులు, మధ్యమధ్యలో ఆయన సరదాగా కట్టుకున్న పద్యాలు. తమ్ముడు వరండాలో బల్ల వేసుకుని ఫోన్‌తో ఒక్కో పేజీ ఫోటో తీశాడు. మొత్తం 412. అన్నీ క్లౌడ్‌లో పెట్టి, "అన్నయ్యా, కంప్యూటర్ పనే కదా, కాస్త శుభ్రం చేసి పెట్టు" అన్నాడు.

శుభ్రం చెయ్యడమంటే పెద్ద పనేం కాదు. పసుపు తిరిగిన కాయితాన్ని తెల్లగా, వెలిసిపోయిన సిరాని నల్లగా చెయ్యాలి. సైజు సగానికి తగ్గించాలి. ఒక్క ఫోటోకి ఒక్క నిమిషం. 412 నిమిషాలంటే ఏడు గంటలకి కాస్త తక్కువ. ఏడు గంటలసేపు ఒకే పని చెయ్యడానికా నేను ఇంజినీరింగ్ చదివింది? ఇమేజ్‌మ్యాజిక్ అని ఒక ప్రోగ్రాం ఉంది. దానికి కిటికీలూ బొత్తాలూ ఉండవు, నల్ల తెర మీద కమాండ్ కొట్టాలి. కొట్టాను. మాగ్రిఫై, రంగు తీసెయ్యి, సైజు సగం చెయ్యి, సగం కన్నా లేతగా ఉన్నదంతా తెలుపు, ముదురుగా ఉన్నదంతా నలుపు, ఈ ఫోల్డర్‌లో ఉన్న జేపీజీలన్నిటికీ. ఒక్క లైను. ఎంటర్ నొక్కి టీ పెట్టుకోడానికి వెళ్ళాను. టీ పొంగేలోపు అయిపోయింది. నాలుగు పేజీలు తెరిచి చూశాను, ముత్యాల్లా ఉన్నాయి.

రెండు నెలల తరవాత సంక్రాంతికి అమ్మ తీరిగ్గా ఫోన్లో ఆ పేజీలు తిప్పుతూ అడిగింది. "నా ఎక్కాలేవిరా?"

చిన్నప్పుడు అమ్మ ఆ పుస్తకాల అంచుల్లో పెన్సిల్‌తో ఎక్కాలు రాసేదట. సాయంత్రం పద్దులు చూసుకునేటప్పుడు తాతయ్య వాటి పక్కన రైటు గుర్తు పెట్టేవారట, పెన్సిల్‌తోనే. పెన్సిల్ గీత బూడిద రంగు. సగం కన్నా లేత. నా లైను దాన్ని తెల్లగా చేసేసింది, 412 పేజీల్లోనూ. మాగ్రిఫై కొత్త ఫైలు చెయ్యదు, ఉన్న ఫైలు మీదే రాసేస్తుంది. క్లౌడ్ ఫోల్డర్ నా కంప్యూటర్‌తో ముడిపడి ఉంది కనుక అక్కడా అవే మారిపోయాయి. పాత వెర్షన్లు దాచి ఉంచుతారుగా అంటారేమో. ఉంచారు, ముప్ఫై రోజులు. తమ్ముడు ఫోన్లో చోటు లేక ఎప్పుడో చెరిపేశాడు. పుస్తకాలు ఇల్లు పడగొట్టిన వారంలో వానకి తడిసి ముద్దయి, పాత పేపర్లవాడి బండి ఎక్కాయి.

ఇందులో ఎవర్నీ అనడానికి లేదు, తప్పు నాదే. అయితే అప్పట్నించీ ఒకటే ఆలోచన. ఆ లైను ఎవరు రాశారు? బొమ్మల్ని మనిషి చూడకుండానే దిద్దే పని ఎప్పుడు మొదలయింది? కొన్ని వారాలుగా రాత్రిళ్ళు కూర్చుని చదివిందంతా ఇక్కడ పెడుతున్నాను.

మొట్టమొదటి సంగతి చూసి ఉలిక్కిపడ్డాను. 1957లో అమెరికాలో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అనే ప్రభుత్వ సంస్థలో రస్సెల్ కిర్ష్ అనే ఆయన మూణ్ణెల్ల కొడుకు ఫోటోని సియాక్ అనే కంప్యూటర్లోకి ఎక్కించాడు. కంప్యూటర్లోకి స్కాన్ చేసిన తొలి ఫోటోగా దాన్నే చెబుతారు. ఐదు సెంటీమీటర్ల చదరం, అడ్డంగా 176 చుక్కలు, నిలువుగా 176. ఆ యంత్రానికి ఒక్కో చుక్క నలుపా తెలుపా అన్నదే తెలుస్తుంది, మధ్యలో ఇంకేం లేదు. అంటే మొదటి స్కానర్ చేసింది అచ్చం నేను తాతయ్య పుస్తకాలకి చేసిందే: ఒక గీత గీసి, ఇటున్నది నలుపు, అటున్నది తెలుపు. కానీ కిర్ష్ బృందం అక్కడ ఆగలేదు. ఆ గీతని కాస్త పైకీ కిందికీ జరుపుతూ అదే ఫోటోని మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి, అన్నిటినీ కలిపి బూడిద రంగుల్ని రాబట్టారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనుంది.

ఇంకో ఎనిమిదేళ్ళు ముందుకొస్తే 1965 జులై. మారినర్ 4 అంగారకుడి పక్కనుంచి వెళ్తూ ఫోటోలు తీసింది. 200 వరసలు, వరసకి 200 చుక్కలు, ఒక్కో చుక్కకి 0 నుంచి 63 దాకా ఒక అంకె. భూమికి పంపే వేగం సెకనుకి ఎనిమిది బిట్ల పైచిలుకు. ఒక్క ఫోటో చేరడానికి ఎనిమిది గంటలు. (తమ్ముడు తీసిన నాలుగు ఎంబీల ఫోటో ఒక్కటి ఆ వేగంతో రావాలంటే నెలన్నర పడుతుంది, లెక్క వేసి చూశాను.) కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో, అదే జేపీఎల్‌లో, ఆ అంకెల్ని ఫోటోగా మార్చే కంప్యూటర్ పని అయ్యేదాకా ఇంజినీర్లకి ఓపిక లేకపోయింది. అంతరిక్షనౌకలోని టేప్ రికార్డర్ సరిగ్గా పని చేసిందో లేదో తేల్చుకోవాలన్న ఆత్రం. అంకెలు అచ్చయిన కాయితపు పేలికల్ని పక్కపక్కన బోర్డుకి కొట్టి, రిచర్డ్ గ్రమ్ అనే ఇంజినీర్ రంగు సుద్దలు తెప్పించాడు. ఈ అంకె నుంచి ఈ అంకె దాకా గోధుమ రంగు, ఆ పైన ఎరుపు, ఇంకా పైన పసుపు అని పంచుకుని చేత్తో నింపుకుంటూ పోయారు. ఆ బొమ్మని చట్రం కట్టి తరవాత లేబరేటరీ డైరెక్టర్ పికరింగ్‌కి ఇచ్చారు. పక్క గ్రహం నుంచి వచ్చిన మొదటి టీవీ చిత్రాన్ని చిన్నపిల్లల రంగుల పుస్తకంలా దిద్దారన్నమాట.

ఆ పని చేస్తున్నప్పుడు వాళ్ళు ప్రతి చుక్కనీ చూశారు. వేరే దారి లేదు మరి. ముందుముందు పంపబోయే నౌకలు తెచ్చే ఫోటోలకి ఇది కుదరదని ఆ లేబరేటరీలోనే 1966 ప్రాంతంలో వికార్ అనే వ్యవస్థ కట్టడం మొదలుపెట్టారు. గీతలు తొలగించడానికి ఒక ప్రోగ్రాం, మసక తగ్గించడానికి ఒకటి, సైజు మార్చడానికి ఇంకొకటి. వాటిని ఏ వరసలో నడపాలో చెప్పడానికి ఒక చిన్న భాష. బొమ్మకి ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టడం, రాసింది యంత్రం అమలు చెయ్యడం. నా ఒక్క లైనుకి వేరు అక్కడుంది. కాకపోతే ఆ రోజుల్లో దాన్ని వాడాలంటే గదంత కంప్యూటర్ ఉండాలి, అది కొనడానికి ప్రభుత్వం ఉండాలి.

మామూలు మనుషుల చేతికి ఇది 1980ల చివర్లో వచ్చింది. విచిత్రమేమిటంటే ఇంచుమించు ఒకే సమయంలో, ఒకరికొకరు సంబంధం లేకుండా, ముగ్గురు మూడు చిన్న చికాకులతో మొదలుపెట్టారు. ఎవరికీ పెద్ద ఆశయమేం లేదు.

జెఫ్ పోస్కాంజర్‌ది ఈమెయిల్ చికాకు. అప్పటి మెయిల్ అక్షరాల్ని మాత్రమే మోసేది, అదీ కొన్నిసార్లు దారిలో వాటిని అటూ ఇటూ మార్చేది. బొమ్మ పంపితే ముక్కలై చేరేది. ఆయన చేసింది చూస్తే, ఇంతేనా అనిపిస్తుంది. బొమ్మని అంకెలుగా రాసెయ్యడమే. మొదట పీ1 అని పేరు, తరవాత వెడల్పు, ఎత్తు, ఆ తరవాత నల్ల చుక్కకి 1, తెల్ల చుక్కకి 0. మన సున్నా బొమ్మ పంపాలనుకోండి:

పీ1
5 5
0 1 1 1 0
1 0 0 0 1
1 0 0 0 1
1 0 0 0 1
0 1 1 1 0

అంతే, ఇదొక బొమ్మ ఫైలు. (అసలు ఫైల్లో పీ ఇంగ్లీషు అక్షరం.) నోట్‌ప్యాడ్‌లో టైపు చెయ్యొచ్చు. మెయిల్ దారిలో ఖాళీలు పెరిగినా లైన్లు విరిగినా బొమ్మ చెడదు. ఇదే పీబీఎం. తరవాత బూడిద రంగులకి పీజీఎం, రంగులకి పీపీఎం వచ్చాయి. వీటితో పనిచేసే చిన్న చిన్న పనిముట్ల మూటని పీబీఎంప్లస్ అనే పేరుతో 1988లో ఊరికే పంచిపెట్టాడు.

ఆ మూటలో నాకు బాగా నచ్చింది లెక్క. ఆ కాలంలో ప్రతి కంప్యూటర్ కంపెనీకీ సొంత బొమ్మ ఫార్మాటు. పది ఫార్మాట్లుంటే ఒక్కోదాన్నుంచి మిగతా తొమ్మిదింటికీ మార్చడానికి 90 ప్రోగ్రాములు రాయాలి. మధ్యలో అందరికీ అర్థమయ్యే ఒక సాదా ఫార్మాటు పెట్టుకుంటే, లోపలికి పది, బయటికి పది, ఇరవైతో సరి. ఇక సైజు తగ్గించే పనిముట్టు ఒక్కటి రాస్తే చాలు, పది ఫార్మాట్లకీ పనికొస్తుంది. యూనిక్స్‌లో పైపు అనేది 1973 నుంచే ఉంది. ఒక ప్రోగ్రాం కక్కింది ఇంకో ప్రోగ్రాం మింగుతుంది. జిఫ్‌ని పీపీఎం చెయ్యి, దాన్ని సగం చెయ్యి, దాన్ని తిప్పు, దాన్ని మళ్ళీ జిఫ్ చెయ్యి. చెరుకు గానుగ దగ్గర ఒకడు నరుకుతుంటే ఒకడు అందిస్తాడు, ఒకడు గానుగలో పెడతాడు, ఒకడు పిప్పి తీస్తాడు. అలాగన్నమాట.

1991తో పోస్కాంజర్ కొత్త విడుదలలు ఆపేశాడు. ఎక్కడెక్కడి వాళ్ళో పంపిన మార్పుల్ని కలిపి 1993లో నెట్‌పీబీఎం అని పేరు పెట్టి కొనసాగించారు. ఇప్పుడు మూడొందలకి పైగా పనిముట్లున్నాయి అందులో. ఒక్కోటీ ఒక్క పనే చేస్తుంది, పేర్లు నోరు తిరగవు. కానీ నా కథకి సంబంధించిన గుణం ఒకటుంది: ఆ పైపులో ఒక పక్కనుంచి బొమ్మ వెళ్తుంది, ఇంకో పక్కనుంచి కొత్త బొమ్మ వస్తుంది. అసలు ఫైలుని అవి ముట్టుకోవు. ఫలితం ఏ పేరుతో దాచుకోవాలో నువ్వే చెప్పాలి. వచ్చేదాన్నీ పోయేదాన్నీ ఒకే పేరుతో పెడితే మాత్రం మిగిలేది ఖాళీ ఫైలు. ఆ తప్పు కూడా చేశాను, ఇంకో సందర్భంలో.

రెండో మనిషి జాన్ క్రిస్టీ. రసాయనాల కంపెనీ డ్యుపాంట్‌లో ఉద్యోగం. 1987లో ఆయన పై అధికారి డేవిడ్ పెన్సాక్ ఒక పని అప్పగించాడు: కంప్యూటర్‌తో చేసిన రంగుల బొమ్మల్ని, ఒకేసారి 256 రంగులు మాత్రమే చూపగల మానిటర్ మీద చూపించాలి. కోటీ అరవై లక్షల రంగుల్లోంచి 256 ఎంచుకోవడమెలా? చుట్టూ రసాయన శాస్త్రవేత్తలూ జీవ శాస్త్రవేత్తలే, అడగడానికి కంప్యూటర్ తెలిసినవాళ్ళు పెద్దగా లేరు. యూజ్‌నెట్‌లో, అంటే అప్పటి ఆన్‌లైన్ రచ్చబండలో అడిగాడు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధనా సంస్థ నుంచి పాల్ రావెలింగ్ అనే ముక్కూమొహం తెలియని మనిషి ఉపాయం చెప్పడమే కాదు, రాసిన కోడు కూడా ఎక్కడుందో చూపించాడు. తరవాత మూడేళ్ళూ ఇలాంటి సాయాలు చాలానే అందాయి. ఆ ఋణం తీర్చుకోవాలని క్రిస్టీకి అనిపించింది. తను రాసినదంతా ఊరికే ఇచ్చేద్దామనుకున్నాడు. కంపెనీ సొత్తు కదా, పై వాళ్ళని పెన్సాక్ ఒప్పించాల్సి వచ్చింది. ఇది రసాయనాల గురించీ జీవుల గురించీ కాదు కనుక దీని విలువ వాళ్ళకి తట్టి ఉండదు, అందుకే ఒప్పుకున్నారేమో అని క్రిస్టీ తరవాత రాసుకున్నాడు. 1990 ఆగస్టు 1న ఇమేజ్‌మ్యాజిక్ యూజ్‌నెట్‌లోకి వచ్చింది. మా ఆఫీసుల్లో ఇలాంటి అనుమతి అడిగితే లీగల్ డిపార్ట్‌మెంట్ నుంచి జవాబొచ్చేసరికి రిటైరవుతాం.

మూడో వాళ్ళు అన్నదమ్ములు. మిషిగన్‌లో పీహెచ్‌డీ చదువుతున్న థామస్ నోల్, తన మ్యాక్ తెర నలుపూ తెలుపూ తప్ప బూడిద రంగులు చూపించదని 1987లో ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. సినిమాల్లో గ్రాఫిక్స్ చేసే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో పనిచేస్తున్న సోదరుడు జాన్ అది చూసి వదల్లేదు. 1990 ఫిబ్రవరిలో అడోబీ దాన్ని ఫోటోషాప్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఆ కథ అందరికీ తెలిసిందే. క్రిస్టీకీ నోల్‌కీ అదే ఏడు ఇంచుమించు అదే చికాకు. ఉన్నన్ని రంగులు చూపించలేని తెర. ఒకరిది కిటికీలూ బొత్తాలూ ఉన్న ఖరీదైన సరుకయింది, ఒకరిది నల్ల తెర మీద ఉచితంగా దొరికే కమాండ్.

ఫోటోషాప్‌కి ఈ చేసిందే చెయ్యడం అనే జబ్బు కాస్త ఆలస్యంగా తెలిసింది. 1996లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో యాక్షన్స్ పెట్టారు. టేప్ రికార్డర్‌లా ఎర్ర చుక్క నొక్కి నువ్వు చేసే పని చేసుకుపో, అది నేర్చుకుంటుంది. తరవాత ఎప్పుడు కావాలన్నా ఒక్క మీట. కోడు రాయడం రాని మనిషి కూడా ప్రోగ్రాం రాయగలిగాడు, తను ప్రోగ్రాం రాస్తున్నానని తెలియకుండానే.

అలాంటి ప్రోగ్రామర్ని నేను మొదటిసారి చూసింది ఇంజినీరింగ్ కాలేజీలో కాదు, మా ఊరి బస్టాండ్ ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోలో. ఎంసెట్ కౌన్సెలింగ్‌కి పాస్‌పోర్ట్ ఫోటోలు కావాలి. నాతోపాటు పదిహేను మంది లైన్లో ఉన్నారు. తెర వెనకాల స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి అని, ఫ్లాష్ కొట్టి పంపేవాడు. ఇక కంప్యూటర్ దగ్గర తల చుట్టూ కత్తిరించేది మాత్రం చేత్తోనే, జుట్టు దగ్గర నాలుక బయటపెట్టి మరీ చేసేవాడు. అది అయ్యాక ఎఫ్2. వెనకాల నీలం రంగు దానంతటదే వచ్చేది. ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు అయ్యేది. చుట్టూ సన్నటి నల్ల గీత. తరవాత 4×6 కాయితం మీద నాలుగేసి రెండు వరసలు, ఎనిమిది కాపీలు పడేవి. మనుషులు ఎవరూ ముట్టుకోకుండా తెర మీద కిటికీలు టపటపా తెరుచుకుని మూసుకుంటుంటే నోరెళ్ళబెట్టి చూశాను. "ఏం బాబూ, కంప్యూటర్ గ్రూపేనా? ఇది నేనే పెట్టా" అన్నాడు గర్వంగా. పదో తరగతి తప్పాడట.

ఆయన గురించి ఇంకోటి గుర్తుంది. ఎఫ్2 నొక్కే ముందు ప్రతిసారీ ఫైలుని వేరే ఫోల్డర్లోకి కాపీ చేసేవాడు. అంత రద్దీలోనూ. ఎందుకని అడిగితే, "అది నెగటివ్ కదా బాబూ" అన్నాడు. ఆ కెమెరాలో రీలు లేదు, నెగటివూ లేదు. కానీ ఇరవై ఏళ్ళు నెగటివ్‌లు కవర్లలో దాచి నంబర్లు వేసిన చెయ్యి అది. ప్రింటు పోతే ఇంకోటి తీయొచ్చు, నెగటివ్ మీద గీత పడితే అంతే సంగతులు. ఆ భయం మా తరం కంప్యూటర్ వాళ్ళకి లేదు. కంట్రోల్ జెడ్ ఉందిగా అన్న ధీమా మాది.

మధ్యలో గింప్ గురించి ఒక మాట. బర్క్‌లీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రాం అది. లైనక్స్ పెంగ్విన్ బొమ్మని లారీ ఈవింగ్ వేసింది దాని తొలి వెర్షన్‌లోనే. 1998లో 1.0 వచ్చేసరికి అందులో స్క్రిప్ట్-ఫూ ఉంది. స్కీమ్ అనే భాషలో బొమ్మకి ఏం చెయ్యాలో రాసుకోవచ్చు. రాసుకోవచ్చు గానీ, ఆ కుండలీకరణాలు లెక్కపెట్టుకునే ఓపిక నాకెప్పుడూ కలగలేదు. మా స్టూడియో ఆయనకి అది ఇచ్చి ఉంటే ఎనిమిది కాపీలూ చేత్తోనే అతికించేవాడు.

నేను వాడింది ఇమేజ్‌మ్యాజిక్ కనుక మళ్ళీ అక్కడికే. అందులో రెండు ముఖ్యమైన కమాండ్లు. ఒకటి కన్వర్ట్: ఈ ఫైలు తీసుకో, ఇది చెయ్యి, ఆ ఫైల్లో పెట్టు. రెండు పేర్లూ అడుగుతుంది. (విండోస్‌లో అప్పటికే కన్వర్ట్ అనే ఇంకో కమాండ్ ఉంది, హార్డ్ డిస్క్ ఫార్మాటుని మార్చేది. ఫోటో సైజు తగ్గిద్దామని కొడితే అది లేచి కూర్చునేది. ఏడో వెర్షన్ నుంచి మ్యాజిక్ అనే ఒకే పేరు కిందికి తెచ్చి ఆ గొడవ వదిలించుకున్నారు.) రెండోది మాగ్రిఫై. ఇంగ్లీషులో ట్రాన్స్‌మాగ్రిఫై అని ఒక సరదా మాట ఉంది, మంత్రం వేసినట్టు రూపం మార్చెయ్యడం. అందులోంచి తుంచిన పేరులా ఉంది. ఒక్క ఫైలైనా వెయ్యి ఫైళ్ళైనా ఇవ్వు, మారుస్తుంది, ఉన్నచోటే మారుస్తుంది. డిస్కులు చిన్నవైన రోజుల్లో రెండేసి కాపీలకి చోటెక్కడిదని అలా చేశారని నా ఊహ. అసలు ఫైలు పోతుంది జాగ్రత్త అని దాని పత్రాల్లో రాసే ఉంది. ఫలితాలు వేరే ఫోల్డర్లో పెట్టమనడానికి పాత్ అని ఒక మాట కూడా ఉంది. నా లైన్లో ఆ ఒక్క మాట ఉంటే ఈ టపా ఉండేది కాదు.

ఇన్ని దశాబ్దాల్లో ఆ ప్రోగ్రాం ఎక్కడెక్కడికి చేరిందో ఊహించలేం. వెబ్‌సైట్‌లో మీరు ఎక్కించిన ఫోటోకి చిన్న నమూనా తయారయిందంటే వెనకాల చాలాచోట్ల ఇదే ఉంటుంది. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ కూడా చిన్న బొమ్మలు చెయ్యడానికి దీన్ని వాడుకోగలదు. 2016 మేలో దీంట్లో పెద్ద కన్నం బయటపడింది. కొన్ని రకాల ఫైళ్ళని ఇది సొంతంగా చదవదు, ఇంకో ప్రోగ్రాంకి అప్పగిస్తుంది. అప్పగించేటప్పుడు ఫైల్లో ఉన్న మాటల్ని సరిగ్గా వడకట్టకపోవడంతో, బొమ్మలా కనిపించే ఫైల్లో ఆదేశాలు దాచి ఎవరి సర్వర్‌నైనా ఆడించే వీలు చిక్కింది. ఇమేజ్‌ట్రాజిక్ అని పేరు పెట్టారు దానికి. ఆ వారం ఐటీలో ఉన్నవాళ్ళకి నిద్రల్లేవు. మన సర్వర్లలో ఇది ఎక్కడుందో వెతకండి అంటే, ఉందని ఎవరికీ తెలియని చోట్ల కూడా దొరికింది. 2020లో ఎక్స్‌కేసీడీ కార్టూన్‌లో, ఆధునిక కట్టడమంతా ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి ఒంటరిగా చూసుకుంటున్న సన్నటి పుల్ల మీద నిలబడినట్టు గీశారు. ఆ కార్టూన్ మీద మౌస్ పెడితే కనిపించే వ్యాఖ్యలో వచ్చేది ఇమేజ్‌మ్యాజిక్ పేరే. డ్యుపాంట్‌లో ఒక ఉద్యోగి తీర్చుకున్న ఋణం మీద ఇంత నిలబడి ఉంది.

ఇక తెలుగు సంగతి. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేద్దామని 2000ల మొదట్లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి మిలియన్ బుక్ ప్రాజెక్ట్ నడిచింది. దానికి నాయకుల్లో ముఖ్యుడు రాజ్ రెడ్డి గారు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. భారత్, చైనాలతో కలిసి 2007 నాటికి ఆ సంఖ్య దాటేశారు. విదేశాల్లో ఉండి పాత తెలుగు పుస్తకాలు చదువుకునే మాలాంటి వాళ్ళు ఆ తరం స్కానింగు పనులకి ఎంత ఋణపడి ఉన్నామో చెప్పలేను. పుస్తకానికి 200 పేజీలనుకున్నా 20 కోట్ల పేజీలు. ఎవరు చేసినా, ఎక్కడ చేసినా, అంత పని ఒక్కో పేజీ చూసి దిద్దేది కాదు. వంకర సరిచెయ్యడం, అంచులు కత్తిరించడం, నలుపూ తెలుపూ చెయ్యడం, దుమ్ము చుక్కలు తుడిచెయ్యడం, అన్నీ యంత్రం చెయ్యాల్సిందే.

నలుపూ తెలుపూ విడదీసే గీత ఎక్కడ గియ్యాలో యంత్రమే తేల్చుకునే పద్ధతిని 1979లో నొబుయుకి ఓట్సు అనే జపాన్ ఆయన రాశాడు. పేజీలో ఏ రంగు చుక్కలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, రెండు గుంపులు వీలైనంత దూరంగా ఉండేలా మధ్యలో గీత గీస్తుంది. ఇప్పటికీ వాడతారు. కానీ అందులో గుంపులు రెండే. సిరా, కాయితం. పెన్సిల్‌ది మూడో గుంపు, దాన్ని ఏదో ఒక పక్కకి తోసెయ్యాలి.

దుమ్ము తుడిచే పని ఇంకా ప్రమాదం. చుట్టూ తెలుపు ఉండి మధ్యలో ఒంటరిగా ఉన్న చిన్న నల్ల చుక్క దుమ్ము అనుకుంటుంది యంత్రం. మన థ పొట్టలో ఉన్న చుక్క కూడా అలాగే ఉంటుంది మరి. అది పోతే థ కాస్తా ధ. కథ కాస్తా కధ. మనలో సగం మంది ఎలాగూ అలాగే రాస్తారు కనుక ఎవరూ పట్టించుకోరు. ఠ లో చుక్క కూడా అంతే, పాఠం చదువుతుంటే ఎక్కడో తేడా కొడుతుంది. పాత అచ్చులో సగం అరిగిన తలకట్లూ, తెగిపోయిన వొత్తులూ సరేసరి. పైన పోస్కాంజర్ పద్ధతిలో నేను గీసిన సున్నాలో 12 నల్ల చుక్కలున్నాయి. దాని మధ్యలో ఇంకొక్క 1 పెట్టి చూడండి. అది అక్షరంలో భాగమో దుమ్మో ఆ అంకెల్ని చూసి చెప్పగలరా? తెలుగు చదవడం వచ్చిన మనిషి పక్క అక్షరాలు చూసి చెబుతాడు.

జేపీఎల్ ఇంజినీర్లు సుద్దముక్కలతో దిద్దినప్పుడు ప్రతి అంకె మీదా ఒక కన్ను పడింది. స్టూడియో ఆయన జుట్టు చుట్టూ కత్తిరించేటప్పుడు ప్రతి మొహం మీదా పడింది. నేను 412 పేజీల్లో నాలుగు చూశాను. ఆ నాలుగింట్లోనూ ఎక్కాలు లేవు.

కథ అక్కడితో ముగియలేదు. తమ్ముడు ఫోటోలు తీస్తున్న రోజున మధ్యమధ్యలో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో కొన్ని పేజీలు పడేశాడు, ఇదిగో తాతయ్య చేతిరాత అంటూ. పెద్దత్తయ్య ఏదీ చెరపదు. పండగ శుభాకాంక్షలతో సహా ఆవిడ ఫోన్లో అన్నీ ఉంటాయి. వెతికితే 63 పేజీలు దొరికాయి. వాట్సాప్ నలిపేసిన కాపీలే, అయినా పెన్సిల్ ఆనవాళ్ళు ఉన్నాయి.

ఈసారి ముందు వాటిని మూడు చోట్ల కాపీ చేశాను. ఆ తరవాత కిర్ష్ దారి పట్టాను. ఒకే గీత కాకుండా రెండు గీతలు: సగం దగ్గర ఒకటి, సిరా కోసం. ముప్పావు దగ్గర ఇంకొకటి, పెన్సిల్ కోసం. రెండో దాంట్లో పెన్సిల్‌తోపాటు కాయితం మడతలూ, తేమ మరకలూ, నీడలూ అన్నీ నల్లగా లేచి వస్తాయి. ఏది మడతో ఏది రాతో విడదీసే లైను నాకు రాయడం రాలేదు. కాబట్టి శనివారం రాత్రిళ్ళు, అమ్మకి ఆదివారం పొద్దున, వీడియో కాల్‌లో ఒక్కో పేజీ పెద్దది చేసి చూపిస్తున్నాను. "అది ఏడు... కాదు, ఒకటి. నేను ఒకటిని అలా వంకరగా వేసేదాన్ని" అంటుంది. నేను గుర్తు పెట్టుకుని, మిగతాది చేత్తో తుడుస్తాను. ఒక్కో పేజీకి పావుగంట పడుతోంది. ఇప్పటికి 22 అయ్యాయి.

పోయిన వారం పదమూడో ఎక్కం దొరికింది. పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి దాకా ఉంది, తరవాత కాయితం చిరిగింది. పక్కన రైటు గుర్తు స్పష్టంగా కనిపిస్తోంది. దాని కింద ఇంకో సన్న గీత ఉంది. అది తాతయ్య పెట్టిందో, కాయితం మడతో అమ్మ చాలాసేపు చూసి కూడా చెప్పలేకపోయింది. దాన్ని తుడవకుండా ఉంచాను.